సేద్యపు ముచ్చట్లు: పూతమీది అనపచేను

హోసూరు, కోలారు ప్రాంతాల మన తెలుగు ఇళ్ళలో సంక్రాంతి నాటికి పితికిపప్పు ఉడకని పొయ్యి అరుదు. (యానాం సోదరులు సొరకాయను ఆనపకాయ అంటారు గదా, ఇది అది కాదు. ఈ అనపను కన్నడంవారు అవరె అంటారు.) పచ్చిగింజలను రాత్రి నానబెట్టి, తెల్లవారి వేళ్ళతో పితికితే తొక్క ఊడి పప్పు చేతిలోకి జారుతుంది. మంచు పడే రోజులలో కాయమీద జిడ్డూ, దానితోపాటు వాసనా హెచ్చుతాయి. ఇందులో గృహిణులకు నేను చెప్పదగినది లేదు. ఎండుగింజలను మాత్రం నానబోసి, బాగా ఉడికించి, ఆ నీళ్ళు వంపివేయవలెనని కొత్తకోడళ్ళకు గుర్తుచేస్తాను.

నా బాధ వేరు. మా అరెకరం ఎర్రనేల సారం చచ్చిపోయింది. ముందటేడు రాగి మోకాలెత్తు లేవలేదు. నిరుడు జూన్ వానలకు అందులో నాటు అనప సాళ్ళు దగ్గరదగ్గరగా వేశాను. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి హెచ్.ఏ. 3, హెచ్.ఏ. 4 రకాలు ఏ కాలంలో వేసినా త్వరగా పూస్తాయి. కాయ కావలసినవారికి అవే మేలు. నాటురకం పగటిపొద్దు తగ్గితేగాని పూయదు. అందాకా తీగసాగి, ఆకు పెంచి, నేలను కప్పుకుంటుంది. వానకు మట్టి కొట్టుకుపోదు, కలుపు లేవదు. వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయి.

అక్టోబరు చివర చేను పూతకు వచ్చింది. పచ్చిరొట్టగా దున్నవలసిన అదను అదే. కాయ ముదిరితే ఆకులోని నత్రజని చాలావరకు గింజలోకి పోతుంది. గింజ మనకూ కట్టె పశువులకూ పోయాక నేలకు మిగిలేది వేళ్ళూ, రాలిన ఆకూ. పప్పుజాతి పైరు వేస్తేనే చాలు, పొలానికి బలం అనేవారు ఈ లెక్క చూడరు.

ట్రాక్టరు గట్టు దగ్గరకు వచ్చేసరికి అమ్మ అడ్డం నిలిచింది.

"పూతమీదుండే చేన్ని దున్నేస్తారా ఎవురన్నా? కడుపుతో ఉండేదాన్ని కొట్టినట్లు కాదా నాయనా!"

నాకు జవాబు తోచలేదు. చివరకు గట్టువార నాలుగు సాళ్ళు ఆమెకు విడిచి, తక్కినది నేలలో తడి ఉండగానే దున్నించాను. తడి ఆరితే రొట్ట కుళ్ళదు, పడిన శ్రమ వృథా. మూడు వారాలు ఆగి టమాటా నారు నాటించాను.

నాలుగు సాళ్ళ కాయ పండుగకు సరిపోయింది. ఏటా చెల్లెలి ఇంటికి పంపే బుట్ట మాత్రం ఈసారి పోలేదు. అమ్మ ఆ మాట రెండుమార్లు అంది. టమాటా మొక్కలు ఏపుగానే ఉన్నాయి. ఆమె ఇంకా అటువైపు వచ్చి చూడలేదు.