ఓదార్పుతో పాటు కూలి డబ్బులూ కావాలి

కరోనాతోపాటే దిగులూ పోయిందనుకుంటే పొరపాటే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2019లో దేశంలో ఆత్మహత్యలు 1,39,123. 2021లో 1,64,033. ఆ ఏడాది చనిపోయినవారిలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు రోజుకూలీ. ఏ ఆత్మహత్యకూ కారణం ఒక్కటే ఉండదు. కానీ ఆగిన కూలి, పెరిగిన వడ్డీ, కడచూపు దక్కని చావులు, పలకరించే మనిషి లేని గది కలిస్తే ఎంత గట్టివాడైనా కుంగిపోతాడు. 2022 అక్టోబరులో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే. అయితే అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న ఇంటికి ఓదార్పు సగం మందే. మరో మహమ్మారి వచ్చేలోగా ఆక్సిజన్‌తో పాటు కూలీల ఖాతాల్లో వేసే నగదుకూ, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక కౌన్సెలర్‌కూ ప్రభుత్వాలు ఇప్పుడే బడ్జెట్‌లో చోటివ్వాలి.