మా గడ్డ మీద మేము ముసాఫిర్లమా?

ఆదివారం అనుబంధాలు తిరగేస్తే ఒకటే పిలుపు. దూరాలు పోనక్కర్లేదు, సొంత ప్రాంతాన్నే చూసి రండి అని. రెండు రోజులు వరంగల్లులోనో, నాగార్జునసాగర్ ఒడ్డునో, నెల్లూరులోనో గడపండి, అక్కడి తిండి తినండి, అక్కడే పడుకోండి అని. మంచి మాటే. మేమూ చదువుతాం. మాకూ పిల్లలున్నారు, సెలవులున్నాయి, దాచుకున్న నాలుగు రూపాయలున్నాయి. కానీ ఆ పేజీ రాసినవాళ్లకు తట్టని ప్రశ్న మాకు బస్సెక్కకముందే తడుతుంది. తిండి దొరుకుతుంది సరే, పేరు చెప్పాక గది దొరుకుతుందా?

ముందు తిండి సంగతే మాట్లాడుకుందాం. మాలో మీకు నచ్చింది అదొక్కటే కదా. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో హైదరాబాదును రుచుల నగరాల జాబితాలో చేర్చింది. రంజాన్ నెల వస్తే భట్టీల ముందు రోజా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే వరసలో నిలబడతారు. ఇరానీ చాయ్‌ని, ఉస్మానియా బిస్కెట్‌ని ఎవరూ మతం అడగరు. మాకు సంతోషమే. దస్తర్‌ఖాన్ పరిచేది నలుగురు కూర్చోవడానికే.

కానీ గుర్తింపు పత్రం హలీమ్‌కు వచ్చింది, హలీమ్ దంచేవాడికి రాలేదు. గంటల తరబడి పొగలో నిలబడి గోధుమనూ మాంసాన్నీ కర్రలతో కలిపి దంచే ఆ కుర్రవాడు పండగ వెళ్లాక భార్యాబిడ్డల్ని తీసుకుని ఒక ఊరికి పోతే, వాడి చేతివంటను మెచ్చుకున్న ఊరే వాణ్ణి గడపలో నిలబెట్టి లెక్క అడుగుతుంది.

ఆ మెప్పులో కూడా ఎంపిక ఉంది. మేక మాంసంతో చేసిన బిర్యానీ నగరానికి గౌరవం. బర్రె మాంసంతో చేసిన కల్యాణి బిర్యానీ మాత్రం గొంతు తగ్గించి చెప్పుకోవాల్సిన విషయం. రిక్షా తొక్కేవాడి, హమాలీ పని చేసేవాడి కడుపు నింపింది ఏది? తక్కువ డబ్బులకు దొరికే ఆ పెద్దకూర ముద్దే. దాన్ని తిన్నవాళ్లలో మేమున్నాం, మాదిగలున్నారు, మాలలున్నారు. ఖరీదైన ముస్లిం వంటను నెత్తిన పెట్టుకుని పేద ముస్లిం వంటను ముక్కు మూసుకుని దాటిపోవడం రుచికి సంబంధించింది కాదు. అది కులానికి సంబంధించింది.

ఇక గది సంగతి. లాడ్జిలో మొదట నవ్వుతూనే పలకరిస్తారు. రూములున్నాయంటారు. రిజిస్టరులో పేరు రాయగానే ఉన్న రూములు మాయమవుతాయి. తురకలకు ఇవ్వం అని ఎవరూ అనరు. అంత మోటుగా మాట్లాడరు. ఇప్పుడే ఫోనొచ్చింది, బుక్కయిపోయింది అంటారు. ఓనరు ఒప్పుకోడంటారు. ఇక్కడ ఫ్యామిలీలు ఉంటాయండీ అంటారు. అయ్యా, పక్కన నిలబడ్డ మా బూబమ్మ, ఆమె చంకలో బిడ్డ ఫ్యామిలీ కాదా? బురఖా ఉంటే ఆ వంకలు కూడా అక్కర్లేదు. తల అడ్డంగా ఊపితే చాలు. మాలో కొందరు ఫోనులో రాజు అనో బాబు అనో చెప్పి గది మాట్లాడుకుంటారు. తీరా ఆధార్ కార్డు చూపించాక దొంగల్లా నిలబడతారు. ఒక రాత్రి నిద్ర కోసం అమ్మానాన్నలు పెట్టిన పేరును దాచుకోవాల్సి రావడం మీకెప్పుడైనా అనుభవమా?

జాగ్రత్త కోసం అంటారు. ఎవరి నుంచి జాగ్రత్త? 2007 మే 18న మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. చచ్చింది మావాళ్లు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. కోర్టు వాళ్లను నిర్దోషులని వదిలేసింది. కోర్టు వదిలేసినా అనుమానం వదల్లేదు. అది రిజిస్టరు వెనక కూర్చున్న గుమాస్తా కళ్లలోకి చేరింది.

రాజ్యాంగం ఏమంటోంది? పదిహేనో అధికరణం రెండో భాగం చదవండి. దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి పోవడానికి మతం కారణంగా గానీ, కులం కారణంగా గానీ ఏ పౌరుడికీ అడ్డు పెట్టకూడదని అక్కడ ఉంది. అది ప్రభుత్వాన్ని మాత్రమే కాదు, హోటలు నడిపేవాణ్ణీ కట్టేస్తుంది. ఓనరు ఇష్టం అంటారా? ఓనరు ఇల్లు ఓనరు ఇష్టం. బోర్డు కట్టి, లైసెన్సు తీసుకుని, దారినపోయే వాళ్లందరినీ పిలిచిన లాడ్జి ఇల్లు కాదు. అంటరానితనం పేరుతో హోటల్లోకి రానివ్వకపోతే 1955 చట్టం కింద శిక్ష ఉంది. ఆ చట్టం ఉండీ పల్లెల్లో చాయ్ హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టారు. ఇక మతం పేరుతో గది లేదన్నవాణ్ణి శిక్షించే అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. దళితుడికి వేరే గ్లాసు పెట్టిన చెయ్యే మా ముందు రిజిస్టరు మూస్తోంది. అందుకే ఈ కొట్లాట మా ఒక్కరిదే కాదు.

తెల్లవాళ్ల కాలంలో రైల్వే స్టేషన్లలో హిందూ నీళ్లు వేరు, ముస్లిం నీళ్లు వేరు. అవి పోయాయని పుస్తకాల్లో చదువుకున్నాం. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో తిండి దుకాణాల ముందు యజమానుల పేర్లు రాయాలన్నారు. ఏం వండుతున్నారో రాస్తే చాలదట, ఎవరు వండుతున్నారో తెలియాలట. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. అది ఎక్కడో ఉత్తరాదిలో అని నిమ్మళంగా ఉండకండి. మన శ్రీశైలం సంగతేమిటి? దేవాదాయ దుకాణాల వేలంలో హిందువులు తప్ప ఇంకెవరూ పాల్గొనరాదని 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2019లో హైకోర్టు దాన్ని సమర్థించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, మతం కారణంగా దుకాణదారులను తప్పించొద్దని చెప్పాల్సి వచ్చింది. గుడిలో పూజ చేస్తామని మేం అడగలేదు. గుడి బయట బతుకుతామన్నాం, అంతే.

ఇప్పుడు మా వైపు చూడండి. ఈ నేల మీద బాటసారికి నీడ కట్టినవాళ్లలో మేమున్నాం. గోల్కొండకు దగ్గర్లో షేక్‌పేట సరాయి ఇంకా నిలబడే ఉంది. హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ ముసాఫిర్ల కోసం గదులు కట్టారు. రాజులు కట్టినవి కదా అంటారా? రాజుల్ని వదిలేయండి, జనం దగ్గరికి రండి. సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ సైదులు దర్గాకు కందూరు చేయడానికి వచ్చేవాళ్లలో హిందువులు ఎందరో. ముల్లా ఫాతిహా చదువుతాడు, అన్ని కులాల వాళ్లూ తింటారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నాళ్లలో రొట్టెల పండగ. 2015లో దాన్ని రాష్ట్ర పండగ చేశారు. స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె. ఇచ్చే చేతిది ఏ మతమో పుచ్చుకునే చెయ్యి అడగదు. మాకు ఇంకో రొట్టె కూడా కావాలేమో, లాడ్జి గది రొట్టె!

సెక్యులర్ మిత్రులతో ఒక మాట. రంజాన్‌కు మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగారు, బాగుందన్నారు. షుక్రియా. కానీ మీ వీధిలో లాడ్జి వాడు మమ్మల్ని వెనక్కి పంపినప్పుడు మీరెక్కడున్నారు? మా నాలుగు హోటళ్లు మేం పెట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పెట్టుకుంటాం, ఎప్పుడో పెట్టుకున్నాం. అయితే మావాళ్లు మా హోటల్లోనే, మీవాళ్లు మీ హోటల్లోనే పడుకునే ప్రాంతాన్ని ఒక ప్రాంతమనరు. మధ్యలో గోడ ఉన్న రెండు వాడలంటారు.

మా ఇంటి వాకిలి కూడా ఊడ్చుకోవాలి. మనవాళ్ల హోటళ్లలో ఆడవాళ్లు కూర్చుని చాయ్ తాగే చోటెంత? దూదేకులవాళ్లు, ఫకీర్లు మన దస్తర్‌ఖాన్ దగ్గరికి వస్తే సయ్యదులు, పఠాన్లు అందరూ జరిగి చోటిస్తున్నారా? గది దగ్గర సమానత్వం అడిగేవాళ్లం పీట దగ్గర కూడా ఇవ్వాలి. అక్కడ ఇవ్వకుండా ఇక్కడ అడిగితే ఆ గొంతుకు బలముండదు.

మేం దయ అడగడం లేదు. మెహమాన్‌నవాజీ అంతకన్నా అడగడం లేదు. మెహమాన్ అంటే బయటినుంచి వచ్చినవాడు. మేం ఇక్కడివాళ్లం. మతం చూసి గది లేదన్న లాడ్జికి లైసెన్సు రద్దయ్యే చట్టం కావాలి. టూరిజం శాఖ గుర్తింపు ఇచ్చే ప్రతి లాడ్జిలో, కిరాయి పట్టిక పక్కన, ఎవరికీ గది నిరాకరించం అన్న మాట తెలుగులో, ఉర్దూలో రాయించాలి. ఫోనులో గదులు అమ్మే కంపెనీలు పేరు చూసి రద్దు చేసే యజమానుల్ని తీసేయాలి.

అది జరిగేదాకా సొంత ప్రాంతం చూసి రండి అన్న పిలుపు సగం మందికే. బిర్యానీ వడ్డించే చేతులతోనే రిజిస్టరులో మా పేరు రాస్తాం. షేక్ అనో, దూదేకుల అనో, బేగం అనో పూర్తిగా రాస్తాం. తాళంచెవి ఇవ్వండి.