కౌలు రైతా! దున్నేది నువ్వు, డబ్బులు పడేది ఎవరికి?

జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు మండలాల కౌలు రైతులకు, వాళ్ళ ఇల్లాళ్ళకు పిలుపు

అన్నల్లారా! అక్కల్లారా!

2025 ఆగస్టు 2న ఊళ్ళో ఫోన్లు మోగాయి. ఏడు వేలు పడ్డాయి! అన్నదాత సుఖీభవ అని రాష్ట్రం 5,000, పీఎం కిసాన్ అని కేంద్రం 2,000. నవంబరు 19న మళ్ళీ ఏడు వేలు. రాష్ట్రం మొత్తం మీద 46 లక్షలకు పైగా కుటుంబాలకు! సంతోషం. రైతు ఇంట్లో రూపాయి పడితే కుళ్ళుకునేవాళ్ళం కాదు మనం.

మరి నీ ఫోను మోగిందా?

నాలుగెకరాలు నువ్వే దున్నావు. విత్తు నువ్వే పెట్టావు. మందు నువ్వే కొట్టావు, ఆ వాసనకి రాత్రి అన్నం సయించక పడుకున్నదీ నువ్వే. కౌలు ముందే కట్టావు. అయినా నీ ఖాతాలో ఏమీ పడలేదు. ఎందుకు? పాసుపుస్తకంలో నీ పేరు లేదు కాబట్టి! హైదరాబాదు అపార్టుమెంటులో కూర్చుని ఏడాదికోసారి కౌలు డబ్బులకు ఫోను చేసే ఆయన రైతు! చేలో నిలబడ్డ నువ్వు ఎవరివి?

ఆ డబ్బులు వస్తే ఇల్లు ఎలా మారుతుందో ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. పక్కింట్లో కళ్ళారా చూశాం. సొంతానికి రెండెకరాల నల్లరేగడి ఉన్న చిన్న రైతును చూడండి. 2020 మే నాటికి, ఇంకా దుక్కులు కాకముందే, రైతు భరోసా, పీఎం కిసాన్ కలిపి 7,500 పడ్డాయి. ఆ ఏడాది విత్తనాలకు అతను ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. నగదు పట్టుకుని కొట్టుకెళ్ళాడు. తనకు కావలసిన విత్తనం అడిగాడు. బిల్లు అడిగాడు. ఇచ్చారు!

నువ్వు వెళ్తే? అరువు. అరువంటే బిల్లు ఉండదు, చీటీ ఉంటుంది. నువ్వడిగిన ప్యాకెట్ ఉండదు, కొట్టువాడు అమ్ముకోవాలనుకున్న ప్యాకెట్ ఉంటుంది. 2025లో పత్తి విత్తనాల ప్యాకెట్ ధర 901 రూపాయలని ప్రభుత్వం కట్టింది. డీఏపీ బస్తా 1,350. అరువు చీటీలో ఆ అంకెలే ఉంటాయా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి! విత్తు మొలవకపోతే ఫిర్యాదు చేద్దామన్నా చేతిలో కాగితం ముక్క ఉండదు.

అరువు అక్కడితో ఆగుతుందా? పంట చేతికొచ్చాక అతనికే తోలాలి. అతను చెప్పిన ధరకే, అతను తీసిన తరుగుకే! నాలుగు రోజులు ఆగితే రేటు పెరుగుతుందని నీకూ తెలుసు. ఆగనిస్తారా? ఏడు వేలంటే ఐదు బస్తాల డీఏపీ అని పట్నం వాళ్ళు లెక్క కడతారు. మన లెక్క వేరు. ఏడు వేలంటే ఆ నాలుగు రోజులు ఆగగలగడం. ఏడు వేలంటే కొట్టువాడి కళ్ళలోకి చూసి బేరమాడగలగడం.

వడ్డీ లెక్క కూడా వేసుకోండి. జూన్లో మూడు రూపాయల వడ్డీకి ఏడు వేలు తెస్తే ఫిబ్రవరికి వడ్డీయే 1,680. డబ్బు పడినవాడికి ఏడు వేలు మిగిలాయి. పడనివాడికి ఏడు వేలూ పోయాయి, పైన పదహారు వందల ఎనభై పోయాయి. ఇద్దరివీ పక్కపక్క చేలే! ఒకే వాన, ఒకే పురుగు!

అక్కల్లారా, ఇంట్లో లెక్క మీకే బాగా తెలుసు. కౌలుకు తీసిన మొదటి డబ్బు ఎక్కడిది? మీ మెడలోది! బంగారం బ్యాంకులో పెడితేనే కదా పెట్టుబడి. పెళ్ళికి వెళ్ళాలంటే పసుపుతాడు కనపడకుండా కొంగు కప్పుకుని వెళ్ళినవాళ్ళు మనలో ఎంతమంది! పత్తి తీతకి కూలీ డబ్బులు ఆదా అవుతాయని పిల్లను నాలుగు రోజులు బడి మాన్పించిన ఇల్లు లేదా? కరెంటు బిల్లు కట్టే రోజు, మామగారికి బీపీ బిళ్ళలు అయిపోయే రోజు, కాలేజీ వాళ్ళు ఫీజు కోసం ఫోను చేసే రోజు, ఈ మూడూ ఒకే వారంలో వస్తే ఏది ఆపారు? బిళ్ళలు ఆపారు. అవునా, కాదా?

2019లో కేంద్రం వాళ్ళే లెక్క తీశారు. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ అప్పు ఆంధ్ర రైతు నెత్తిన ఉంది. సగటున ఇంటికి 2,45,554 రూపాయలు. నూటికి 93 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి! అందులో భూమి ఉన్నవాళ్ళకు కనీసం చూపించడానికి భూమి ఉంది. మనం ఏం చూపిస్తాం? అరచేతులా?

"డబ్బులు పంచి రైతుల్ని సోమరుల్ని చేస్తున్నారు" అనే పెద్దమనుషులు టీ కొట్టు దగ్గర ఉంటారు. వాళ్ళకో మాట. అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 20,000 అంటే రోజుకి యాభై ఐదు రూపాయలు. యాభై ఐదు రూపాయలకి మిరప చేను వదిలేసి మంచమెక్కే రైతు ఎక్కడున్నాడో చూపించండి! మిరపకి ఎకరానికి లక్ష దాటి పెట్టి, ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో క్వింటాలు 11,781 రూపాయలని కేంద్రం ప్రకటిస్తే అదే మహాభాగ్యం అనుకోవలసి వచ్చినవాళ్ళం మనం. సోమరులమా?

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. సాయం వేరు, ధర వేరు. ఖాతాలో ఏడు వేలు వేశాం కదా అని పత్తికీ మిర్చికీ ధర ఎగ్గొడితే ఒప్పుకోం. 2025-26కి పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110. ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మాలంటే దాని యాప్‌లో పేరుండాలి, ఈ-పంట నమోదులో పేరుండాలి. నీ పేరు లేదు! దళారీకి అమ్ముకో! చూశారా, ఒక్క పేరు లేకపోతే ఎన్ని తలుపులు మూసుకుంటాయో.

వరద నాటి సంగతి మర్చిపోయారా? 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1. మునేరు ఊళ్ళ మీద పడింది. ఐతవరం దగ్గర హైవే మునిగింది. గరికపాడు దగ్గర పాలేరు వంతెన కోసుకుపోయింది. హైదరాబాదు, విజయవాడ బస్సులు ఆగిపోయాయని టీవీలన్నీ చూపించాయి. చేలల్లో ఏం ఆగిపోయిందో ఎవరు చూపించారు? పత్తికి, వరికి హెక్టారుకు 25,000 పరిహారం అన్నారు. మంచిదే. ఈ-పంటలో ఆసామి పేరుంటే ఆ డబ్బు ఎవరి ఖాతాకి పోతుంది? కొట్టుకుపోయిన చేను నీది. ముందే కట్టిన కౌలు నీది. పరిహారం ఆయనది! ఇదేం న్యాయం?

"చట్టం ఉంది కదా" అంటారు. ఉంది! 2011లో ఒకటి తెచ్చి రుణ అర్హత కార్డులన్నారు. 2019లో ఇంకొకటి తెచ్చి పంట సాగుదారు హక్కు పత్రం అన్నారు. పదకొండు నెలలు చెల్లుతుంది. బ్యాంకు లోను, బీమా, నష్టపరిహారం, ప్రభుత్వ సాయం, అన్నిటికీ అదే తాళంచెవి. కానీ ఆ తాళంచెవి ఎవరి జేబులో పెట్టారు? ఆసామి జేబులో! ఆయన సంతకం పెడితేనే కార్డు.

సంతకం అడగడానికి వెళ్ళినవాళ్ళకు తెలుసు ఆ అవమానం. అరుగు మీద కూర్చోబెడతారు. "చూద్దాంలే" అంటారు. మళ్ళీ వెళ్తే "మా అబ్బాయి అమెరికా నుంచి రావాలి" అంటారు. మూడోసారి అడిగితే "సంతకమే కావాలంటే వేరే చేను చూసుకో" అంటారు. నోరు మూసుకుని వచ్చేస్తాం. మరి చేను పోతే ఏం తింటాం?

ఆసాములు అందరూ చెడ్డవాళ్ళని మేం అనటం లేదు. అడగ్గానే సంతకం పెట్టినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళకు దండం. మిగతావాళ్ళలో చాలామందిది భయం. 1956 కౌలుదారీ చట్టం రోజుల నుంచీ ఉన్న భయం: కౌలుదారు పేరు కాగితం మీదకి ఎక్కితే భూమి పోతుందని. 2019 చట్టం ఆ భయానికి జవాబుగానే రాశారు. ఈ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదు, రికార్డుల్లో ఆసామి పేరు చెక్కుచెదరదు. ఈ సంగతి ఆసాములకు ఎవరు చెప్పాలి? నీ వెనక ఎవరూ లేకుండా, చేతులు కట్టుకుని నువ్వే చెప్పాలా? రెవెన్యూ వాళ్ళు ఊళ్ళో గ్రామసభ పెట్టి మైకులో చెప్పకూడదా? పన్నులు వసూలు చేసేటప్పుడు మైకు దొరుకుతుందే!

జెండాలు చూసి మోసపోకండి. 2019 ఫిబ్రవరిలో అన్నదాత సుఖీభవ. అదే ఏడాది అక్టోబరు 15న రైతు భరోసా. 2024లో ప్రభుత్వం మారింది, ఆ ఏడాది రాష్ట్రం వాటా అసలు పడనే లేదు. 2025లో మళ్ళీ అన్నదాత సుఖీభవ. పథకం పేరు మారింది, ఫొటో మారింది. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా పేరు కూడా కృష్ణా నుంచి ఎన్టీఆర్‌కి మారింది! నీ ఖాతా మారిందా? రైతు భరోసాలో కౌలు రైతులకూ ఇస్తామన్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే అని మనలోనే గీత గీశారు. పీఎం కిసాన్ అయితే భూమి లేనివాడి వంకే చూడదు. 2019లో 6,000 అన్నది ఇప్పటికీ ఆరు వేలే. డీజిల్ అక్కడే ఉందా?

గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలో కోదాడ వెళ్ళినా ఇదే కథ. 2018 మే 10న రైతుబంధు మొదలుపెట్టి ఎకరాల లెక్కన ఇచ్చారు. ఎన్ని ఎకరాలుంటే అంత! యాభై ఎకరాల ఆసామికి లక్షల్లో పడ్డాయి, కౌలు రైతుకు సున్నా. మన దగ్గర కుటుంబానికి ఇంతని ఇవ్వడం ఆ విషయంలో మేలు. చిన్న రైతుకు అదే న్యాయం, ఉన్నమాట ఒప్పుకోవాలి. వాళ్ళ దగ్గర 2025 జనవరి 26 నుంచి భూమి లేని కూలీలకు ఏడాదికి 12,000 అన్నారు. మన కూలోళ్ళకి? ఊసే లేదు! ఒడిశా వాళ్ళు 2018 చివర్లో కాలియా పథకం పెట్టి వాటా సాగు చేసేవాళ్ళనీ, భూమి లేనివాళ్ళనీ కలుపుకున్నారు. అక్కడ కుదిరిన పని ఇక్కడ ఎందుకు కుదరదు?

ఇంకెంతకాలం ఊరుకుందాం?

రోహిణి కార్తె రాకముందే కదలాలి! ఆగస్టులో డబ్బులు వేస్తే ఏం లాభం? పత్తి మృగశిరలో పెడతాం. పుష్యమి కార్తె అయిపోవస్తుండగా వచ్చే ఏడు వేలు అప్పటికే తెచ్చిన అప్పు వడ్డీకి సరి! విత్తుకు ముందు పడాలి. దున్నేవాడి ఖాతాలో పడాలి. ఆసామి సంతకం షరతు పోవాలి. ఊళ్ళో ఏ చేను ఎవరు దున్నుతున్నారో పక్క చేల వాళ్ళకు తెలీదా? వాళ్ళ సాక్ష్యం తీసుకుని కార్డు ఇవ్వాలి. కూలికెళ్ళే కుటుంబానికీ సాయం రావాలి. ఇవే మనం అడిగేవి.

ఈలోగా చేతిలో ఉన్న పని చేద్దాం. ఒంటరిగా ఆసామి దగ్గరికి వెళ్ళొద్దు. పదిమంది కలిసి వెళ్దాం, మర్యాదగానే అడుగుదాం. పదిమందినీ చేను ఖాళీ చెయ్యమనలేరు! వీఆర్వో "తర్వాత రా" అంటే సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, రసీదు లేకుండా బయటికి రావద్దు. ఈ-పంట నమోదుకి అగ్రికల్చర్ అసిస్టెంట్ చేలోకి వచ్చినప్పుడు నువ్వే నిలబడు. నీ పేరు, నీ వేలిముద్ర! రైతు సేవా కేంద్రంలో జాబితా అంటించినప్పుడు పోయి చూసుకో. కార్డున్నా డబ్బు పడనివాళ్ళు ఆధార్ ఏ ఖాతాకి ముడిపడి ఉందో బ్యాంకులో అడగండి. వాడకుండా ఆగిపోయిన పాత ఖాతాకి ముడిపడి వెనక్కి పోయిన డబ్బులు చాలా ఉన్నాయి. 155251కి ఫోను చేసి స్థితి కనుక్కోండి. పడిన డబ్బు బ్యాంకు వాళ్ళు పాత బాకీకి జమ వేసుకుంటే నలుగురూ కలిసి వెళ్ళి అడగండి.

వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే రోజు. పొద్దున పదింటికల్లా నందిగామ ఆర్డీవో ఆఫీసుకి రండి! ఏడు మండలాల వాళ్ళమూ అక్కడే కలుద్దాం. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు వాళ్ళు ఎనిమిదింటికే బస్సెక్కాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు తెచ్చుకోండి. కౌలు చీటీ ఉంటే తెండి. లేకపోతే నీ చేను నువ్వే దున్నుతున్నావని పక్క చేల రైతులిద్దరి సంతకాలతో తెల్లకాగితం రాయించుకు రండి. రాయడం రానివాళ్ళు ఊరికే రండి, అక్కడ రాసిపెడతాం. మగవాళ్ళొక్కరే రావద్దు. మెడలో బంగారం పెట్టుబడి పెట్టినవాళ్ళు ముందు వరుసలో నిలబడాలి. అన్నం డబ్బాలు తెచ్చుకోండి, అర్జీ నంబరు చేతిలో పడేదాకా కదిలేది లేదు!

ఈ కాగితం చదివి పారెయ్యకండి. పక్క చేను కౌలు రైతుకి ఇవ్వండి. చదువు రాకపోతే చదివి వినిపించండి.

ఇట్లు
మీతో పాటు దున్నుతున్న కౌలు రైతులు
జగ్గయ్యపేట – నందిగామ