అసలు ప్లేటు ఏది?

సంగీత వ్యాపారంలో "అసలు" అన్నంత అబద్ధపు మాట మరొకటి లేదు. అసలు టేపు, అసలు ధ్వని, అసలు ముద్రణ అని అట్టమీద బంగారు అక్షరాలు అచ్చేసి, అరవై ఏళ్లనాటి జాజ్ ఆల్బమునే ఐదోసారీ ఆరోసారీ అమ్ముతున్నారు. కొనేవాడు కొంటూనే ఉన్నాడు. కొని ఊరుకోడు, నిన్నటిదాకా తాను మెచ్చుకున్న ప్లేటు ఎందుకు పనికిరాదో నలుగురికీ ఉపన్యాసం ఇస్తాడు. చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు లోకంలో ఎప్పుడూ ఉన్నారు. ఇక్కడి వింత ఏమిటంటే, కాయ కొన్నవాడు తాను చెట్టునే కొన్నాననుకోవడం.

మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" సంగతే తీసుకోండి. జాజ్ తెలియనివాడి ఇంట్లో కూడా ఉండే జాజ్ ప్లేటు అది. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్ 30వ వీధిలోని కొలంబియా స్టూడియోలో రెండు విడతలుగా రికార్డు చేశారు. మార్చి 2న రెండు టేపు యంత్రాలు ఒకేసారి నడిచాయి. ఒకటి ప్రధానమైనది, రెండోది జాగ్రత్త కోసం పెట్టుకున్నది. ప్రధాన యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగే యంత్రంమీద పట్టిన టేపును సరైన వేగంతో నడిపితే ఏమవుతుంది? పాట తొందరపడుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఆ టేపునుంచే ప్లేటు వచ్చింది. మొదటి వైపున్న మూడు రచనలూ ఉండవలసిన శ్రుతికంటే కొంచెం పైన మోగాయి. జాగ్రత్త టేపు తీసి ఆ తప్పు దిద్దింది 1992లో. అంటే 33 ఏళ్లపాటు లోకమంతా వేగం తప్పిన ప్లేటునే విన్నది. ఆ ప్లేటుతోపాటు వాయించి నేర్చుకోబోయిన కుర్రవాడు తన వాద్యాన్నే దానికి తగ్గట్టు సవరించుకోవలసి వచ్చేది.

ఇప్పుడు చెప్పండి, అసలు ఏది? 1959 నాటి తొలి ముద్రణకు వేలంపాటల్లో గొప్ప ధర. శ్రుతి తప్పింది అందులోనే. సరైన శ్రుతిలో వినాలంటే రీమాస్టరే కావాలి. తొలి ముద్రణే ప్రమాణమన్న సిద్ధాంతానికి, ఆ సిద్ధాంతకర్తలు నెత్తిన పెట్టుకున్న ప్లేటే ఎదురుసాక్ష్యం.

టేపే ప్రమాణం, ప్లేటు కాదు, అంటారు మరికొందరు. బాగుంది. బ్లూ నోట్ ప్లేట్లు చూద్దాం. పగలు కళ్లద్దాల పరీక్ష వృత్తిగా పెట్టుకున్న రూడీ వాన్ గెల్డర్, న్యూజెర్సీ హాకెన్‌సాక్‌లో తన తల్లిదండ్రుల ముందుగదిలో వాటిని రికార్డు చేసేవాడు. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. టేపునుంచి ప్లేటు కోసేటప్పుడు కింది స్వరాల బరువు తగ్గించి, హెచ్చుతగ్గులను కొంత అణిచేవాడు. ఆనాటి చవక ప్లేయర్లమీద సూది గంతులు వేయకూడదుగదా! అంటే టేపులో ఉన్నది వేరు, ప్లేటులో ఉన్నది వేరు. రెండూ ఒకే మనిషి చేతిపనులు. తొంభైల చివర ఆయనే తన పాత టేపులను సీడీలకోసం మళ్లీ రీమాస్టర్ చేశాడు. వాటిలో చాలావాటికి గొంతు పెంచాడని అభిమానులే తప్పుపట్టారు. 1960 నాటి వాన్ గెల్డర్ అసలా, 1999 నాటి వాన్ గెల్డర్ అసలా? ఆయన 2016లో పోయాడు గనుక ఇక అడగడానికీ లేదు. నిజానికి అడగనక్కరలేదు. రెండూ రెండు పాఠాంతరాలు. తాళపత్ర ప్రతులు సరిపోల్చి చూసినవాడికి ఈ మాట కొత్తగా అనిపించదు. ఏ ప్రతినుంచి ఏ పాఠం తీసుకున్నాడో చెప్పడమే పరిష్కర్త ధర్మం. చెప్పకపోతే ఎంత పండితుడైనా అది దొంగతనమే.

ఆ దొంగతనం 2022లో బయటపడింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా సంస్థ అట్టల నుదుట "ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్" అని పట్టీ ఉంటుంది. అంకెలు సోకని శుద్ధ అనలాగ్ సరుకని కొనేవాళ్ల నమ్మకం. కొన్ని ప్రత్యేక ప్రతులకు 125 డాలర్లు ధర పెట్టారు. వాటి తయారీలో ఒక కిటుకు ఉంది. మామూలుగా లక్కర్ పళ్లెంనుంచి లోహపు అచ్చులు రెండు మూడు దశల్లో తీస్తారు. వీళ్లు మధ్య దశలు ఎత్తేసి ఒక్క అంగలోనే ప్లేటు అచ్చుకు పోతారు. అలా చేస్తే ఒక్కొక్క పళ్లెంనుంచి వచ్చే ప్రతులు తక్కువ. ఎక్కువ ప్రతులు కావాలంటే టేపును మళ్లీమళ్లీ నడిపి కొత్త పళ్లేలు కోయాలి. ఇలాంటి పద్ధతిలో మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్" 40,000 ప్రతులు వేస్తామన్నారు. నలభై ఏళ్లనాటి టేపును అన్నిసార్లు ఎవరు నడపనిస్తారన్న అనుమానం ఎవరికైనా రావాలి. 2022 జులైలో అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఒక రికార్డుల దుకాణదారు ఈ గుట్టు విప్పాడు. మధ్యలో టేపును అంకెల్లోకి మార్చి, దానినుంచే పళ్లెం కోస్తున్నామని సంస్థ ఇంజనీర్లు తరవాత ఒప్పుకున్నారు. ఆ పద్ధతి 2011 నుంచీ ఉందని తేలింది. కోర్టులో దావాలు పడ్డాయి. 2023లో దాదాపు రెండున్నర కోట్ల డాలర్ల రాజీతో ముగిశాయి.

సంస్థ సంగతి అలా ఉంచి, కొన్నవాళ్ల సంగతి చూడండి. అంకెలు సోకితే సంగీతం చస్తుందని ప్రమాణం చేసినవాళ్లే పదకొండేళ్లు ఆ ప్లేట్లు విని, అనలాగ్ అంటే ఇదీ అని పొంగిపోయారు. మరునాడు నిజం తెలియగానే అవే ప్లేట్లు కర్ణకఠోరమయ్యాయి. ప్లేటులో గీత మారలేదు, సూది మారలేదు, చెవి మారలేదు. మారింది అట్టమీది మాట. ఇన్నాళ్లూ వాళ్లు విన్నది అట్టనే!

అంతమాత్రాన రీమాస్టర్లన్నీ మోసమే, అన్నీ ఒకటే అనేవాళ్లతో నేను కలవను. అది బద్ధకపు తీర్పు. కాపీనుంచి కాపీ తీసిన టేపులో ఇసుక రాపిడిలాంటి రొద పెరుగుతుంది. మొదటి తరం టేపు దొరికితే తాళం అంచులు తేటపడతాయి. గొంతు పెంచడానికి హెచ్చుతగ్గులన్నీ చదునుచేసిన సీడీకీ, ఊపిరి ఆడనిచ్చిన సీడీకీ తేడా పామరుడికీ వినిపిస్తుంది. తేడా ఉంది. ఆ తేడా ధర చీటీని బట్టి నడవదు. బ్లూ నోట్ వారే 2019నుంచి దళసరి అట్టలతో "టోన్ పొయెట్" వరస తెచ్చారు. ఆ తరవాత "క్లాసిక్" పేరుతో అంతకంటే చవక వరస మొదలుపెట్టారు. రెండింటికీ పళ్లెం కోసేది ఒకే కెవిన్ గ్రే, చాలావరకు అనలాగ్ టేపులనుంచే. చవకది కొని హాయిగా వినండి. అట్ట పల్చనైతే పాట పల్చబడదు.

అంకెల్లోకి మార్చడం పాపం కూడా కాదు. 2008లో హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోస్‌లో అగ్నిప్రమాదం జరిగి మాస్టర్ టేపులు కాలిపోయాయి. ఎన్ని పోయాయన్నది ఇప్పటికీ వివాదమే. ఆ సంగతి పత్రికకెక్కి లోకానికి తెలియడానికే 2019 దాకా పట్టింది. కాలేది, చివికేది, అతుక్కుపోయేది టేపు. దానికి నకలు తీసినవాణ్ణి మెచ్చుకోవాలి. తప్పు నకలు తీయడంలో లేదు, దాచడంలో ఉంది.

ఎవరి డబ్బు వాళ్లిష్టం, మీకెందుకు కడుపుమంట అనవచ్చు. అసలు లెక్క ఇక్కడే ఉంది. "కైండ్ ఆఫ్ బ్లూ"లో డ్రమ్ములు వాయించిన జిమ్మీ కాబ్, ఆ బృందంలో చివరిదాకా మిగిలినవాడు. లక్షలకు లక్షలు అమ్ముడైన ప్లేటు. బంగారు సీడీలు, దళసరి ప్లేట్లు, పెట్టెలు, వార్షికోత్సవ ముద్రణలు ఎన్ని వచ్చాయో! 2020లో ఆయన వైద్యానికి కుటుంబం లోకాన్ని విరాళాలు అడగవలసి వచ్చింది. అదే ఏడాది మే నెలలో, 91వ ఏట, ఆయన పోయాడు. ఆయన తాళంమీద వాలిన పుల్ల చప్పుడు ఏ ముద్రణలో ఎంత తేటగా వినిపిస్తుందో పేజీలకు పేజీలు రాసిన రసికులకు ఆ పుల్ల పట్టిన చెయ్యి కనిపించలేదు.

ఇంకొక మాట. జాజ్‌ను ప్రపంచానికి పంచింది ఈ ప్లేట్లు కావు. 1955నుంచి వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ రోజూ జాజ్ వినిపించాడు. షార్ట్‌వేవ్ అంటే తెలుసుగదా? గురగుర, ఈల, పక్క స్టేషను, మధ్యలో మాయమయ్యే పాట. ఆ రొదలోంచే ఎన్నో దేశాలవాళ్లు జాజ్ పట్టుకున్నారు, నేర్చుకున్నారు, వాయించారు. చెవి ఉన్నవాడికి గురగుర అడ్డు కాలేదు.

కాబట్టి అమ్మేవాళ్లను అడగవలసింది "శుద్ధత" కాదు, మూడు వాక్యాలు. ఏ టేపు, ఎన్నో తరానిది? మధ్యలో ఏయే మార్పులు చేశారు, అంకెల్లోకి వెళ్లిందా లేదా? పని చేసింది ఎవరు? అట్టవెనక ఈ మూడూ అచ్చేయడానికి బంగారు సిరా అక్కరలేదు. ఇది జాజ్‌కే కాదు. మన అటకలమీద దుమ్ముపట్టిన పద్యాల ప్లేట్లకూ ఇదే న్యాయం. తొలినాళ్ల ప్లేట్లన్నీ కచ్చితంగా 78 చుట్ల వేగంతో పట్టినవి కావు. అన్నిటినీ గుడ్డిగా 78 దగ్గర తిప్పి నకలు తీస్తే గాయకుడి శ్రుతీ మారుతుంది, గొంతూ మారుతుంది. మరునాటివాడు అదే ఆయన గొంతని నమ్ముతాడు. మన ప్లేట్లను నకలు తీసేవాళ్లు కూడా, ఏ వేగంతో తిప్పారో, ఏ రొద తీసేశారో పక్కన ఒక కాగితంమీద రాసిపెట్టాలి. ఆ కాగితం లేని ప్లేటు ఎంత తేటగా మోగినా, తల్లిదండ్రుల పేరు చెప్పలేని బిడ్డలాంటిది. తప్పు బిడ్డది కాదు, చెప్పనివాళ్లది.