అమ్మ కొవ్వొత్తి కాదు

ఈసారి గోడపత్రికకు "అమ్మ" అంశం అని డిపార్ట్‌మెంట్ బోర్డు మీద నోటీసు చూడగానే నాకు పోయిన సంవత్సరం గుర్తొచ్చింది. అప్పుడు నేను ఫస్టియర్. అమ్మ మీద ఒక కవిత రాసి ఇచ్చాను. అమ్మ కొవ్వొత్తి అన్నాను, తాను కరిగిపోతూ మాకు వెలుగిస్తుంది అన్నాను. మేడమ్ బాగుందన్నారు, బోర్డు మీద అంటించారు. ఆ రాత్రి హాస్టల్ నుంచి ఫోన్ చేసి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ అంతా విని, "బాగుండాది పాపా. అయితే నేను కొవ్వొత్తి ఎందుకయితాను? కరెంటు పోయినప్పుడే గదా దాని అవసరం" అనింది.

అప్పుడు నవ్వేశాను. కానీ ఆ మాట ఏడాదిగా నన్ను వదలలేదు. అందుకే ఈసారి కవిత కాకుండా నా అభిప్రాయం రాస్తున్నాను. అమ్మను పొగడటం సులువు. ఆమె ఏం చేస్తుందో తెలుసుకుని, అందులో కొంత మనం తీసుకోవడం కష్టం. కృతజ్ఞత అంటే ఆ రెండోదే అని నాకిప్పుడు అనిపిస్తోంది.

మాది ధర్మపురి జిల్లా హరూర్. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అమ్మ తెలుగులో తిడుతుంది, తమిళంలో లెక్క పెడుతుంది. ఎనిమిదో తరగతి దాకా తమిళ మీడియంలో చదివింది. తెలుగు ఆమెకు నోటి భాషే, అక్షరాలు రావు. అంటే ఆమె గురించి రాసిన ఈ వ్యాసం ఆమె చదవలేదు. ఆ సంగతి మనసులో పెట్టుకునే మీరు కూడా దీన్ని చదవండి.

పోయిన వేసవి సెలవులకు మొరప్పూర్‌లో రైలు దిగి ఇంటికి పోయేసరికి అమ్మ కుడి చేతికి కట్టుంది. వాకిట్లో జారి పడిందట. నాకు ఫోన్లో చెప్పలేదు, పరీక్షలు గదా అని. చింతపండు సీజన్ ఇంకా అయిపోలేదు. మా వైపు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చింతకాయలు కొట్టి, పెంకు తీసి, గింజ తీసి ఇస్తారు. కిలోకి ఇంత అని కూలి. అమ్మ చేయి కట్టులో ఉంది, మూటలు ఇంట్లో ఉన్నాయి. నాన్న లారీకి పోతే మూడు రోజులకు గానీ రాడు. తమ్ముడు తొమ్మిదో తరగతి. "ఏం ఫర్వాలేదు, ఇల్లు నేను చూసుకుంటా" అన్నాను గొప్పగా.

మొదటి రోజే పప్పు ఉడకలేదు. గంట అయింది, గ్యాస్ పోతోంది, పప్పు మాత్రం గట్టిగా అట్లాగే ఉంది. అమ్మ మంచం మీద నుంచే, "పెద్ద బిందె నీళ్ళు పోసింటావు" అనింది. నిజమే. మా ఇంట్లో రెండు రకాల నీళ్ళుంటాయి. పెద్ద బిందెలో బోరు నీళ్ళు. మూత పెట్టిన చిన్న బిందెల్లో హొగేనక్కల్ నీళ్ళు. మా జిల్లాలో భూమిలోని నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా అవ్వ పళ్ళ మీద గోధుమరంగు చారలు దానివల్లే వచ్చాయి. 2013లో హొగేనక్కల్ మంచినీళ్ళ పథకం మొదలైంది. అప్పటి నుంచి తాగడానికి, వంటకు ఆ నీళ్ళు. గిన్నెలకు, బట్టలకు బోరు నీళ్ళు. ఏ నీళ్ళు దేనికి, ఎప్పుడు పట్టాలి, ఎన్ని బిందెలు దాచాలి అన్నది అమ్మ పని. పందొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో పెరిగాను. మా పళ్ళు తెల్లగా ఎందుకున్నాయో ఎప్పుడూ అడగలేదు.

ఆ మూడు వారాల్లో నేను చాలా పనులు చేశాను. కానీ గంటకొకసారి "అమ్మా, ఇది ఎక్కడుంది? అమ్మా, ఇది ఎప్పుడు?" అని అడుగుతూనే ఉన్నాను. రేషన్ ఏ రోజు ఇస్తారు, చీటీ డబ్బు ఎవరికి ఇవ్వాలి, తమ్ముడి మందు ఎన్ని రోజులు వేయాలి, చింతపండు మూటలో ఎంత తూకం వచ్చింది, అన్నీ ఆమె తలలోనో, క్యాలెండర్ వెనక తమిళ అంకెల పక్కనో ఉన్నాయి. చేతులు నావి, తల ఇంకా ఆమెదే. చేయి విరిగినా అమ్మకు సెలవు దొరకలేదు. నేను "సాయం" చేశానంతే, పని పంచుకోలేదు.

ఈ పనికి లెక్క ఉందా అని హాస్టల్‌కు వచ్చాక లైబ్రరీలో వెతికాను. ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకునే సమయం ఇందులో కలపలేదు, దాని లెక్క వేరే. మళ్ళీ 2024లో సర్వే చేశారు. ఆడవాళ్ళకు 289 నిమిషాలు. ఐదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళు పంచుకున్నారేమో అని చూస్తే, వాళ్ళది కూడా 97 నుంచి 88కి తగ్గింది!

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2014లో ఢిల్లీలో మోటార్‌సైకిల్ మీద పోతున్న భార్యాభర్తలు కారు గుద్ది చనిపోయారు. ఆమె గృహిణి. నష్టపరిహారం లెక్కలో ఉద్యోగం లేని ఆమెకు ఆదాయం ఎంత అని కట్టాలి? ఆ కేసులో మన తెలుగువారు, జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తన అభిప్రాయం రాశారు. అందులో ఈ 299, 97 నిమిషాల లెక్కనే చూపించారు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళు పని చేయరు, ఇంటికి ఏమీ కలపరు అనుకోవడం తప్పు, ఆ ఆలోచన మారాలి అని ఆయన రాసిన దాని సారాంశం. "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని అడ్మిషన్ రోజు అడిగితే "ఏం చేయదు సార్, ఇంట్లోనే" అన్నది నేనే. ఆ తీర్పు గురించి చదివాక ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంకొకటి మా జిల్లాలోనే జరిగింది. ఇంటి ఆడవాళ్ళకు నెలకు 1000 రూపాయలు ఇచ్చే పథకానికి పేర్లు నమోదు చేసే క్యాంపును 2023 జులై 24న ముఖ్యమంత్రి స్టాలిన్ ధర్మపురి జిల్లా తొప్పూర్‌లో ప్రారంభించారు. ఆ సెప్టెంబర్ 15న డబ్బు రావడం మొదలైంది. దాని పేరులో "ఉరిమై తొగై" అని ఉంటుంది. ఉరిమై అంటే హక్కు, తొగై అంటే సొమ్ము. సాయం అనలేదు, హక్కు అన్నారు. వెయ్యి రూపాయలు పెద్ద మొత్తం కాదు, ఎన్నికల కోసం అన్నవాళ్ళూ ఉన్నారు. అయినా అమ్మకు ఆ పేరు నచ్చింది. "ఇది మీ నాయన ఇచ్చింది కాదు, నేను అడుక్కున్నదీ కాదు" అనింది. కొన్ని నెలల డబ్బు దాచి కళ్ళద్దాలు కొనుక్కుంది. సూదిలో దారం ఎక్కించడానికి తమ్ముణ్ణి పిలవడం రెండేళ్ళుగా మేమంతా చూస్తున్నాం. కళ్ళద్దాలు కావాలేమో అని మాలో ఎవరికీ తట్టలేదు.

"అమ్మ ప్రేమకు వెల కడతారా?" అని మా రూమ్‌లో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. ప్రేమకు వెల లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ బిందె మోయడం ప్రేమ కాదు, పని. ప్రేమ అని పేరు పెడితే ఆ పని ఇంకెవరూ చేయక్కర్లేదు. అమ్మ దేవత అంటే కూడా అంతే. దేవతకు నడుము నొప్పి రాదు, చదువుకోవాలని ఉండదు, కోపం రాదు.

దేవత అనడం ఎంతవరకు కాపాడుతుందో మా జిల్లాకు బాగా తెలుసు. చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి. సేలం, ధర్మపురి వైపు కొన్ని ఇళ్ళల్లో ఒకప్పుడు పుట్టిన ఆడబిడ్డను చంపేసేవాళ్ళు. 1992లో ప్రభుత్వం సేలంలో "తొట్టిల్ కుళందై" పథకం తెచ్చింది, అంటే ఉయ్యాల బిడ్డ. వద్దనుకుంటే ఈ ఉయ్యాల్లో వదిలి పోండి, చంపకండి అని. 2001లో దాన్ని ధర్మపురికి కూడా తెచ్చారు. అదే ఊళ్ళల్లో మారియమ్మ జాతర ఏటా జరిగేది. అమ్మవారికి పొంగలి పెట్టిన చేతులే అవి.

మా అమ్మ మూడో ఆడపిల్ల. పుట్టినప్పుడు "ఇదీ ఆడదేనా" అని చుట్టాలు ముఖం తిప్పుకున్నారట. మా అవ్వ "కడుపు నాది, పిల్ల నాది, మీరెవరు?" అనిందట. అవ్వ ఒక్క అక్షరం చదువుకోలేదు, ఏ పథకమూ అప్పటికి లేదు. ఆ ఒక్క మాట వల్ల మా అమ్మ ఉంది, నేనున్నాను. నాకు స్ఫూర్తి అంటే అవ్వ ఆ రోజు వెనక్కి తగ్గకపోవడమే.

కానీ బతకనివ్వడంతో సరిపోదు. ఈ సంగతి అమ్మ చేతికి కట్టుతో ఉన్న రోజుల్లోనే చెప్పింది. తాతకు తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చు. సాయంత్రం మామను కూర్చోబెట్టుకుని పెద్ద బాలశిక్ష చదివించేవాడు. అమ్మ ఆ టైంలో బావి నుంచి నీళ్ళు మోస్తా ఉండేది. పోతా వస్తా రెండు మూడు మాటలు వినేది, అంతే. అదే తాత ఇరవై ఏళ్ళ తరువాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పాడు. తాత చెడ్డవాడు కాదు. అప్పుడు ఆయనకు నీళ్ళు మోసే పిల్ల కనిపించింది, చదువుకోవాల్సిన పిల్ల కనిపించలేదు. ఇక్కడ పార్ట్ వన్‌లో తెలుగు చదువుతున్నానంటే, అమ్మకు అందని చదువు నాకు అందిందన్నమాట.

ఒక రాత్రి చింతగింజలు తీస్తూ అడిగాను: "అమ్మ అయినాక నీకు ఏం వచ్చింది?" ఓర్పు అంటుందని అనుకున్నాను. "ఓర్పు నాకు ముందే ఉండింది, ఉండక ఏం చేస్తాను? లెక్కలు వచ్చినాయి. ఆఫీసుల్లో మాట్లాడేది వచ్చింది. నీ పదో తరగతి సోషల్ నీతో కూర్చుని నేనూ చదివితిని గదా" అనింది. నిజం. నాకు చదువు చెప్పిస్తూ ఆమె కూడా చదువుకుంది. మనం పెరుగుతుంటే అమ్మ కరిగిపోవాలని ఎక్కడా లేదు. ఆమె కూడా పెరగొచ్చు, మనం దారికి అడ్డం లేకపోతే.

మన క్లాసులో అమ్మ లేనివాళ్ళు ఉన్నారు. అవ్వ పెంచినవాళ్ళు, జడ వేయడం నేర్చుకున్న నాన్నలు పెంచినవాళ్ళు ఉన్నారు. అమ్మతో మాట్లాడటమే కష్టంగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. "అమ్మ" సంచిక అంటే వాళ్ళు బోర్డు దగ్గర నిలబడకుండా పోవడం నేను చూశాను. అమ్మతనం ఒక పని అని ఒప్పుకుంటే, దాన్ని చేసిన ప్రతి ఒక్కరికీ మనం థాంక్స్ చెప్పొచ్చు.

అందుకని ఒక చిన్న మాట. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని పూర్తిగా తీసుకోండి. "అమ్మా, ఏం చేయాలి?" అని అడగకుండా, గుర్తుపెట్టుకోవడంతో సహా. మా ఇంట్లో ఇప్పుడు నీళ్ళ పని తమ్ముడిది. నేను పట్టు పట్టాను. మొదటి వారం రెండుసార్లు మరిచిపోయాడు, అమ్మ లేవబోయింది, నేను లేవనివ్వలేదు. ఇప్పుడు వాడే అలారం పెట్టుకుంటున్నాడు. అమ్మకు ఉదయం అరగంట మిగిలింది.

ఆ అరగంటలో ఏం చేస్తుందో చెప్పి ఆపేస్తాను. సెలవులు అయ్యే ముందు, కట్టు విప్పిన చేత్తో, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, "ఆ అక్షరాలు నాకూ చూపీ" అనింది. పలక లేదు, తమ్ముడి పాత నోట్‌బుక్ తీశాం. మొదటి మాట "అమ్మ" అని రాయించబోయాను. "అది నువ్వు పిలిచే పేరు. నా పేరు ఎట్ల రాస్తారో చూపీ" అనింది. మూడుసార్లు వంకరగా రాసింది, నాలుగోసారి బాగా వచ్చింది.

ఇది శనివారం ఫోన్లో ఆమెకు చదివి వినిపిస్తాను. ఏదైనా తప్పు రాసి ఉంటే తప్పకుండా చెబుతుంది. వచ్చే సంచికలో సవరణ వేయడానికి కొంచెం చోటు ఉంచమని మేడమ్‌ను ఇప్పుడే అడుగుతున్నాను.