పెంట అంటే ఊరు

‘పెంట’ అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? చెత్తకుప్ప. ఎవరైనా పని చెడగొడితే ‘పెంట చేశావు’ అంటాం. కానీ మా కొల్లాపూర్‌కు దగ్గర్లోని నల్లమలలో చెంచులకు పెంట అంటే ఊరు. అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట అన్నీ మనుషులుండే చోట్లే.

చెంచుల మాటను తెలుగులో ఒక యాసగానే లెక్కేస్తారు. అందుకే ‘వాళ్ళది తెలుగే గదా, పోయేదేముంది?’ అని వదిలేస్తాం. నేననేది దీనికి ఉల్టా. వేరే భాష చచ్చిపోతే ప్రపంచం కనీసం లెక్క రాసుకుంటుంది. యాస పోతే ఆ లెక్కలోకి కూడా రాదు.

న్యూజిలాండ్‌లో మావోరీలను చూడండి. ఒకప్పుడు బడిలో సొంత భాష మాట్లాడితే పిల్లలకు దెబ్బలు పడేవి. 1972లో మావోరీ యువత, యూనివర్సిటీ స్టూడెంట్లు కలిసి 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు పిటిషన్ ఇచ్చారు. 1982లో పసిపిల్లలతో పెద్దవాళ్ళు మావోరీలోనే మాట్లాడే బడులు మొదలయ్యాయి. వాటి పేరు కోహంగా రియో, అంటే భాషాగూడు. 1987లో మావోరీ అధికార భాష అయింది. దీంట్లో స్టూడెంట్ల వాటా చిన్నదేం కాదు.

మన దగ్గర 2019లో యురేనియం తవ్వకాలు వద్దని నల్లమల కోసం రాష్ట్రమంతా గొంతెత్తింది, అసెంబ్లీ తీర్మానం చేసింది. మంచిదే. మరి ఆ అడవి మాట కోసం? తాడు పట్టుకొని కొండచరియ దిగి తేనె తీయడం, గడ్డలు తవ్వడం, జంతువుల అడుగులు గుర్తుపట్టడం... ఈ పనులు ఆగితే వాటి మాటలు ఎవరికి అవసరం?

‘ముందు వాళ్ళకు బడి, ఆస్పత్రి, రోడ్డు కావాలి’ అంటారు. నిజమే, కావాలి. కానీ ఆ బడిలో పిల్లోడు పెంట అంటే క్లాసంతా నవ్వితే, వాడు రెండోసారి ఆ మాట అనడు.

మనం సీఎస్ఈ వాళ్ళం, మాట వింటే టెక్స్ట్ చేసే మోడల్స్ మీద ప్రాజెక్టులు చేస్తున్నాం. వాటిలోకి పోయే తెలుగు ఎక్కువగా టీవీ తెలుగు, పేపర్ తెలుగు. ఈసారి మన క్లబ్ పెంటలకు పోయి, పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటేనే రికార్డ్ చేద్దాం. ఆ రికార్డింగులు ముందు వాళ్ళ పిల్లలకే ఇద్దాం. మన గిట్‌హబ్ సంగతి తర్వాత.