గడ్డి ఎండితే ఏం పోతుంది?

మాది గోరంట్ల. మా చిత్రావతి పుట్టేది నంది కొండల్లో. ఎండాకాలంలో మా దగ్గరికొచ్చేసరికి మిగిలేది ఇసుకే. ఆ కొండల దగ్గరే ఓ పచ్చటి గోల్ఫ్ కోర్సుంది. ఈ వీకెండ్ అక్కడికెళ్దామని మా టీమ్ లీడ్ పిలిస్తే, “ఆ గడ్డికి నీళ్ళెక్కడివన్నా?” అనడిగా. నవ్వేశాడు.

2024 మార్చిలో బెంగుళూరులో తాగునీళ్ళతో కారు కడిగినా, తోటకి పెట్టినా 5,000 జరిమానా అన్నారు. మరి బోరు నీళ్ళు ఊరివి కావా?

గోల్ఫ్ వద్దనను. శుద్ధిచేసిన మురుగునీళ్ళు వాడండి, 2018 నుంచి కోలారు చెరువులు నింపుతున్నది వాటితోనే. అవీ చాలకపోతే గడ్డిని ఎండనివ్వండి. 2006లో హొయిలేక్‌లో టైగర్ వుడ్స్ బ్రిటిష్ ఓపెన్ గెలిచింది ఎండిన గడ్డి మీదే!

గడ్డి ఎండితే ఆట ఆగదు. బోరు ఎండితే మా శెనక్కాయ చేనే పోతుంది. ఏమంటారు?